బాబుకి దురద తగ్గడం లేదంటే ముందు ఇంట్లో అందరి చేతులూ చూడండి

మీరు అడిగింది ఇది: "మా బాబుకి ఏడాదిన్నర. రెండు నెలలుగా ఒళ్ళంతా ఎర్రటి పొక్కులు, రాత్రంతా గోక్కుంటూనే ఉంటాడు. క్రీమ్ రాస్తే నాలుగు రోజులు తగ్గి మళ్ళీ వస్తోంది. ఏ సబ్బు వాడాలి, ఏ క్రీమ్ మంచిది?"

సబ్బు గురించి నేనేమీ చెప్పను. మేమూ నాలుగు సబ్బులు మార్చాం, ఒక్కటీ పనికి రాలేదు. మీరు రాసిన "రాత్రంతా" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. దానికి నేనే ఒకటి అడుగుతాను. మీ ఇంట్లో ఇంకెవరైనా గోక్కుంటున్నారా? "లేదు" అని వెంటనే అనేయకండి. నన్ను అడిగినప్పుడు నేనూ లేదనే అన్నాను. అది అబద్ధం.

మాది విజయనగరం. మావాడికి అప్పటికి 20 నెలలు. దసరా వెళ్ళిన మంగళవారం మా ఊళ్ళో పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరుగుతుంది కదా, ఆ వారం ఎవరింట్లో చూసినా చుట్టాలే. మా బావగారి వాళ్ళూ, ఆడపడుచు వాళ్ళూ వచ్చారు. మొత్తం 14 మందిమి. హాల్లో వరసగా బొంతలు పరుచుకుని పడుకున్నాం. మావాడు మాత్రం బావగారి అమ్మాయి దగ్గరే, ఆ పిల్ల దుప్పట్లోనే. పాప హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదువుతోంది. తమ్ముడంటే ప్రాణం. ఆరు రాత్రులు అక్క చెయ్యి మీదే నిద్రపోయాడు.

కార్తీక మాసం సగానికి వచ్చాక మొదలైంది. ముందు చంకల్లో, తర్వాత బొడ్డు చుట్టూ, ఆ తర్వాత అరికాళ్ళలో నీటి పొక్కుల్లాంటివి. పగలు బాగానే ఆడుకునేవాడు. లైటు తీసేసి పడుకోబెట్టిన అరగంటకి కాలితో కాలు రాసుకోవడం, తల దిండుకేసి రుద్దుకోవడం, ఇక ఏడుపు. తెల్లారేసరికి దిండు మీద చిన్న చిన్న రక్తపు చుక్కలు. ఆ చుక్కలు చూసి నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చేదాన్ని.

మా అత్తమ్మ ముందు అమ్మోరు పోసిందేమో అనుకుంది. గుమ్మానికి వేపమండలు కట్టింది. తర్వాత పండక్కి ఏదో మొక్కు మర్చిపోయామని భయపడి చదురుగుడికి, వనంగుడికి వెళ్ళి దణ్ణం పెట్టుకుని వచ్చింది. ఆ భక్తిని నేను తప్పు పట్టను, ఆవిడ వెంట నేనూ వెళ్ళాను. నాకు కోపం తెప్పించింది తిండి. వచ్చిన ప్రతివాళ్ళూ ఒకటి మాన్పించారు. గుడ్డు వేడి, చేప దురద, వంకాయ అసలే వద్దు, పాలు తగ్గించు. నెల తిరిగేసరికి పిల్లాడికి పప్పన్నం, చారన్నం తప్ప ఏమీ మిగల్లేదు. బరువు తగ్గాడు. చివరికి తేలింది ఏంటంటే, వాడి దురదకీ గుడ్డుకీ ఏ సంబంధమూ లేదు. ఎదిగే పిల్లాడి నోటి దగ్గర తిండి లాగేసుకున్నామన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

ఇక క్రీమ్ సంగతి. మీరు రాస్తున్నది ఏదో మీరు చెప్పలేదు, కానీ నాలుగు రోజులు తగ్గి మళ్ళీ వస్తోందంటే మేము వాడినలాంటిదే అనిపిస్తోంది. మా వీధి చివర మెడికల్ షాపులో "పిల్లాడికి దురద" అనగానే ఒక ట్యూబు ఇచ్చారు. చీటీ అడగలేదు, పిల్లాణ్ణి చూడలేదు. రాసిన మర్నాటికే ఎరుపు తగ్గిపోయింది. వారం తిరక్కుండా రెట్టింపు వచ్చింది. అలా మూడు ట్యూబులు అయిపోయాక గానీ తెలియలేదు, అందులో ఫంగస్ మందు, చీము మందు, వాటితో పాటు క్లోబెటాసోల్ అనే గట్టి స్టెరాయిడ్ కలిపి ఉన్నాయని. స్టెరాయిడ్ దురదనీ ఎరుపునీ అణిచేస్తుంది. లోపల ఉన్న అసలు కారణం దాని పని అది చేసుకుంటూనే ఉంటుంది. పైగా పసిపిల్లల చర్మం పలచన, మందు లోపలికి ఎక్కువగా ఇంకుతుంది. 2018లోనే కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. మరి ఎవరు అడుగుతున్నారు? నేను వెళ్ళిన ఏ షాపులోనూ అడగలేదు. దయచేసి మీ ట్యూబు మీద ఉన్న పేర్లు ఇప్పుడే చదవండి. చివర్లో "సోల్" అనో "సోన్" అనో ఉన్న మందు కనబడితే డాక్టరుకి చూపించకుండా ఇంకోసారి రాయకండి.

డిసెంబరు ఆఖరులో స్కిన్ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. బాబుని ఒళ్ళో కూచోబెట్టుకుని నేను పొక్కులు చూపిస్తుంటే ఆవిడ ముందు నా చెయ్యి పట్టుకున్నారు. వేళ్ళు విడదీసి వేళ్ళ సందుల్లో చూశారు. "మీకెన్నాళ్ళుగా?" అన్నారు. నాకేమీ లేదన్నాను. ఆవిడ నా మణికట్టు మీద గీరుకుపోయిన చోట వేలు పెట్టి ఊరుకున్నారు. అప్పుడు ఒప్పుకున్నాను: మూడు వారాలుగా దురద, అంట్లు తోమే సబ్బు పడక అనుకున్నాను మేడమ్. "మరి మీకండీ?" అని మా ఆయన్ని అడిగారు. ఆయన తల వంచుకుని, నడుం దగ్గర, బెల్టు ఒరుసుకుని అనుకున్నాను అన్నారు. ఒకే మంచం మీద పడుకుంటాం. ఆయనకి ఉందని నాకు తెలియదు, నాకుందని ఆయనకి తెలియదు.

తర్వాత బాబు అరికాలు లెన్సు కింద చూపించారు. పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి వంకర గీత, దాని చివర ఒక చుక్క. ఆ చుక్కే పురుగు. గజ్జి.

ఆ మాట వినగానే నాకు తల కొట్టేసినట్టయింది. రోజూ ఇల్లు తడిగుడ్డ పెట్టి తుడుస్తాను, బాబుకి రెండు పూటలా స్నానం, మా ఇంట్లో గజ్జి ఏంటి? ఆవిడ విసుక్కోకుండా చెప్పారు. మురికికీ దీనికీ ముడి పెట్టకండి, చర్మానికి చర్మం కాసేపు తగిలి ఉంటే ఎవరికైనా వస్తుంది అన్నారు. ఒంటి మీద ఇన్ని పొక్కులున్నా మామూలుగా పురుగులుండేది ఒక 10, 15 మాత్రమేనట. పొక్కులన్నీ ఆ పురుగూ, దాని గుడ్లూ, విసర్జనా మన ఒంటికి పడక వచ్చేవి. ఆ పడకపోవడం తెలియడానికే మొదటిసారి వచ్చినవాళ్ళకి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అప్పుడు లెక్కేసుకున్నాను. సిరిమాను పండగ నుంచి కార్తీక మాసం సగం దాకా నాలుగైదు వారాలు.

చీటీలో పర్మెత్రిన్ 5 శాతం క్రీమ్, ఇంట్లో ఆరుగురికీ రాశారు. మెడికల్ షాపు అబ్బాయి "ఇన్నెందుకండీ, బాబుకి ఒక ట్యూబు చాలు కదా" అన్నాడు. ఆ మాట విని ఉంటే మేము ఇప్పటికీ గోక్కుంటూనే ఉండేవాళ్ళం.

ఆ రాత్రి భోజనాల దగ్గర నేను అందరి ముందూ చెప్పేశాను. మా మరిది ముఖం తిప్పుకున్నాడు. మామయ్యగారు "నాకేమీ లేదు, ఆ మందు నాకెందుకు" అని లేవబోయారు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు మా అత్తమ్మ గిన్నె కింద పెట్టి, చీర కొంగు కింద నుంచి చెయ్యి బయటికి తీసి నా ముందు పెట్టింది. వేళ్ళ సందులన్నీ గీరుకుపోయి నల్లబడి ఉన్నాయి. "ఈ వయసులో గజ్జంటే నలుగురూ ఏటనుకుంటారమ్మా. ఎవలికి సెప్పుకోను?" అంది. నెల రోజులుగా ఆవిడ రాత్రిళ్ళు పెరట్లోకి వెళ్ళి కొబ్బరినూనె రాసుకుంటోందట. ఆ చేతులతోనే బాబుకి రోజూ నలుగు పెట్టి స్నానం చేయిస్తోంది. ఆవిడే మామయ్యగారి వైపు తిరిగి, "మందు రాసుకోపోతే రేపటి నుంచి గుంటడిని ఎత్తుకోకండి" అంది. మనవడిని భుజం మీద వేసుకుని సందు చివరిదాకా తిప్పనిదే ఆయనకి తెల్లారదు. మారు మాట్లాడకుండా ట్యూబు తీసుకున్నారు.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. దురద లేనివాళ్ళతో సహా ఒకే రాత్రి, ఇంట్లో అందరూ. ఒక్కరు మానేసినా అది మళ్ళీ చుట్టూ తిరిగి పిల్లాడి దగ్గరికే వస్తుంది.

పెద్దవాళ్ళం మెడ నుంచి అరికాళ్ళ దాకా రాసుకున్నాం. గోళ్ళ కింద, బొడ్డులో, వేళ్ళ సందుల్లో, ఎక్కడా వదలకుండా. బాబుకి మాత్రం తలకీ, చెవుల వెనకా, కళ్ళూ నోరూ తప్పించి ముఖానికీ కూడా రాయమన్నారు, ఎందుకంటే ఈ వయసు పిల్లలకి తల మీదకీ పాకుతుంది. వేళ్ళు నోట్లో పెట్టుకోకుండా చేతులకి పాత కాటన్ సాక్సులు తొడిగాం. ఏడ్చాడు, పీకేశాడు, మళ్ళీ తొడిగాం. రాత్రి తొమ్మిదికి రాసి ఉదయం ఏడింటికి స్నానం. సరిగ్గా వారానికి మళ్ళీ ఒకసారి. మొదటి పూతకి చావని గుడ్ల నుంచి వచ్చే పిల్ల పురుగుల కోసం ఈ రెండో పూత. తగ్గిపోయింది కదా అని చాలామంది ఇక్కడే ఆపేస్తారు, మీరు ఆపకండి. పెద్దవాళ్ళకి మింగే మాత్రలు కూడా ఉన్నాయి, కానీ 15 కిలోల లోపు పిల్లలకీ గర్భిణులకీ అవి ఇవ్వరు. షాపులో అడిగి తెచ్చి పిల్లాడికి వేసేయకండి.

పొద్దున్నే పక్క బట్టలు, తువ్వాళ్ళు, బాబు చీర ఉయ్యాల అన్నీ వేడినీళ్ళలో నానేసి ఎండలో ఆరేశాం. బొంతల్ని ఉడకబెట్టలేం కదా, వాటిని పెద్ద ప్లాస్టిక్ సంచుల్లో మూతి బిగించి కట్టి వారం రోజులు అటక మీద పడేశాం. మనిషి ఒళ్ళు దొరక్కపోతే ఆ పురుగు రెండు మూడు రోజులకి మించి బతకదు.

అన్నిటికంటే కష్టం మా తోటికోడలికి ఫోన్ చేయడం. "అక్కా, పాపకేమైనా దురదలున్నాయా?" అనగానే "అంటే మా పిల్లే అంటించిందనా నీ ఉద్దేశం?" అని పెట్టేసింది. రెండు రోజులకి ఆవిడే చేసింది, గొంతు పూడుకుపోయి. హాస్టలుకి వెళ్ళి చూస్తే పాప గదిలో సగం మంది పిల్లలు మణికట్లు గోక్కుంటున్నారట. దుప్పట్లు కలిసిపోతాయి, ఇద్దరేసి ఒక పరుపు మీద పడుకుంటారు. ఒక పిల్లని ఇంటికి పంపి, మందు రాయించి, మళ్ళీ అదే గదిలో పడుకోబెడితే ఏం తగ్గుతుంది? గదిలో అందరికీ ఒకే రోజు రాయాలని మా అక్క అక్కడ పట్టుబట్టి కూచుంది, రాయించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో ఈ గజ్జిని నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల జాబితాలో చేర్చింది. మన ఊళ్ళలో అది నిర్లక్ష్యమే కాదు, దాచిపెట్టిన వ్యాధి కూడా. ఆడపిల్లలైతే మరీ. దురద అని చెబితే ఎగతాళి చేస్తారని మా పాప అమ్మకి కూడా చెప్పలేదు.

ఇంకొకటి. మందు రాసిన మర్నాటికే దురద పోదు. చచ్చిన పురుగులు చర్మంలోనే ఉంటాయి కాబట్టి రెండు నుంచి నాలుగు వారాలు దురద ఉండొచ్చు. నేను పదో రోజున టెన్షన్ పడి మూడోసారి రాసేయబోతే మా ఆయన ఆపి డాక్టరమ్మకి ఫోన్ చేశారు. కొబ్బరినూనె రాయండి, కొత్త పొక్కులు వస్తేనే తీసుకురండి అన్నారు. రాలేదు.

మీ బాబుది కూడా ఇదేనని నా గట్టి నమ్మకం. బుగ్గల మీద, మోచేతి, మోకాలి మడతల్లో పొడిబారి ఉండి, ఇంట్లో ఇంకెవరికీ ఏమీ లేకపోతే అది ఎగ్జిమా కావచ్చు, దాని వైద్యం వేరు. ఏదైనా సరే స్కిన్ డాక్టరుకి చూపించాకే మందు మొదలుపెట్టండి. గోకిన చోట చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకండి. ముఖం ఉబ్బినా, మూత్రం డికాక్షన్ రంగులో వచ్చినా ఆ పూటే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. చీము పట్టిన గజ్జి కొందరు పిల్లల్లో కిడ్నీల దాకా పోతుంది.

సంక్రాంతికి బావగారి వాళ్ళు మళ్ళీ వచ్చారు. భోగి ముందు రాత్రి మావాడు తన దుప్పటి ఈడ్చుకుంటూ అక్క దగ్గరికి పరిగెత్తాడు. మా తోటికోడలు నా ముఖం వైపు చూసింది. నేనేమీ అనకముందే పాప నా దగ్గరికి వచ్చి రెండు చేతులూ చాపి, వేళ్ళు విడదీసి లైటు కింద పెట్టింది. "పిన్నీ, చూడు, ఏమీ లేవు. రెండుసార్లు రాసుకున్నా" అంది. నేను ఆ చేతులు పట్టుకుని దగ్గరికి తీసుకున్నాను. ఆ రాత్రి వాడు అక్క దుప్పట్లోనే పడుకున్నాడు. తెల్లవారుజామున భోగి మంటకి నేను లేపేదాకా కదల్లేదు.