ప్రాస లైన్ మొదట్లనా, చివర్లనా?

సందేహం: మా పాప ఆరో తరగతి. "చెరువు నిండెను వానల్లో, బంతులు పూచెను పెరడుల్లో" అని రెండు లైన్లు రాసుకపోతే వాళ్ల టీచర్ ప్రాస మస్తు కుదిరింది అన్నారట. మా బాపు మాత్రం అది ప్రాసే కాదు, ప్రాస మొదట్ల ఉంటది అంటున్నడు. ఎవరిది కరెక్ట్ సార్? (ఒక తల్లి, హనుమకొండ)

సమాధానం: చూడమ్మా, పద్యం లెక్కల చూస్తే మీ బాపు చెప్పిందే కరెక్ట్. ఛందస్సులో, అంటే పద్యం రాసే నియమాల్లో, ప్రాస అంటే ప్రతి పాదంలో (లైన్లో) రెండో అక్షరం, అక్కడ అదే హల్లు రావాలె, దాని మీద గుణింతం ఏదున్నా పర్వాలేదు. వానల్లో, పెరడుల్లో అని చివర కలిసేదాన్ని అంత్యప్రాస అంటరు, అది అలంకారం, ఉంటే అందం, లేకపోయినా పద్యానికి లోటు లేదు. టీచర్ గారిని కూడా తప్పు పట్టలేం, సినిమా పాటలు వినీ వినీ ఇప్పుడు అందరం చివర కలిసేదాన్నే ప్రాస అంటున్నం, వాడుకలో మాటకు ఆ అర్థం వచ్చేసింది. కానీ అసలు అర్థం మరిచిపోతే మన పద్యం సగం వినపడకుండా పోతది, నా బాధ అదే.

మన పక్కనున్న పాలకుర్తి సోమనాథుడి ద్విపద, అంటే రెండు లైన్ల పద్యం, చూడండి, బసవపురాణంలోది: "అల్పాక్షరముల ననల్పార్థ రచన / కల్పించుటయ కాదె కవివివేకంబు". చివర్లు చూస్తే రచన, వివేకంబు, ఏ పోలికా లేదు. మొదలు చూడండి, అల్పా, కల్పిం. రెండో చోట ఒక లైన్లో ల్ప వస్తే రెండో లైన్లో కూడా ల్పనే రావాలె, ఉత్త ల గానీ ఉత్త ప గానీ పెడితే నడవదు. సున్న కూడా అంతే, పండుకు ఎండ కుదురుతది, పాడు కుదరదు.

ఇంకొకటి, బమ్మెర పోతన గారి "అల వైకుంఠపురంబులో" పద్యం మనకు నోటికి వచ్చు గదా, అందులో ప్రాస ఎక్కడుందో అడిగితే చాలామంది ఆగిపోతరు. ఎందుకంటే ఆయన మాటను లైన్ చివర విరిచి కిందికి దించిండు. దాపల అనే మాటలో దా పై లైన్లో ఉండిపోయి పల కింది లైన్ మొదట్లకు వచ్చింది, ఉత్పలలో త్పల కిందికి, విహ్వలలో హ్వల కిందికి. అల, పల, త్పల, హ్వల, నాలుగు పాదాల్లో రెండో అక్షరం ల. మనం గుక్క తిప్పుకోకుండ చదువుతం కాబట్టి ఎక్కడ లైన్ మారిందో చెవికి తెలవదు. ఒకసారి కాగితం మీద నాలుగు లైన్లుగా రాసుకోని చూడండి, నేను మొదటిసారి అట్ల రాసుకున్న రోజు చానాసేపు ఆ కాగితం పక్కన పెట్టలేదు.

ఇక ఆటవెలది, తేటగీతి, సీసం అనే పద్యాలకు ఈ ప్రాస నియమం లేదు, అక్కడ యతి చాలు, అంటే లైన్ మొదటి అక్షరానికి మధ్యలో ఒక చోట జోడు కుదరాలె. అది కుదరకపోతే ప్రాసయతి పెట్టుకోవచ్చు. వేమన "చూడ చూడ రుచుల జాడ వేరు" అన్నడు, చూకు జా కలవదు గానీ చూడ, జాడ, రెండో అక్షరం డ కలిసింది. మన సామెతలకు కూడా ఈ రుచి ఎరుకే, ఆలు లేదు చూలు లేదు అంటం, అత్త లేని కోడలు ఉత్తమురాలు అంటం, ఆలు చూలు, అత్త ఉత్త, ఎవరూ ఛందస్సు చదివి అన్నవి కావు.

పాప రాసింది కొట్టెయ్యకండి, బాగుంది. రెండో లైన్ల రెండు మాటలు మార్చి చూడమనండి: "చెరువు నిండెను వానల్లో / మరువం మొలిచెను పెరడుల్లో". చెరు, మరు, ఇప్పుడు మొదట్ల ప్రాస ఉంది, చివర టీచర్ మెచ్చింది కూడా ఉంది. అయితే మరువం బదులు తీరుగ అని మొదలువెడితే మాత్రం కుదరదు, రెండోది ర నే గానీ దాని ముందు చె పొట్టిది, తీ పొడుగు, ముందున్న అక్షరం లఘువైతే, అంటే పొట్టిదైతే, అన్ని పాదాల్లో లఘువే ఉండాలె. ఈ ముక్క బాపును చెప్పమనండి, పక్కన కూసోబెట్టుకోని ఆయన చెప్తేనే పాపకు ఎక్కుతది.