ఆ పన్నెండు వేల ఉద్యోగంలో చేరాలా?

ప్రశ్న: పుట్టిల్లు కర్నూలు, అత్తగారిల్లు అనంతపురం. వయసు 30. బీఎస్సీ బీజెడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ), బీఈడీ చదివాను. బాబుకు ఆరేళ్లు, పాపకు రెండున్నర. రాప్తాడులో ఒక ప్రైవేటు స్కూలువాళ్లు 12 వేలకు రమ్మంటున్నారు. "ఆ పన్నెండు వేలకు పిల్లోల్లను ఇడిసిపెట్టి పోవల్లనా?" అంటుంది మా అత్త. ఆయనేమో "నీ ఇష్టం" అంటారు. చేరాలా, ఇంట్లోనే ఉండి డీఎస్సీకి (గవర్నమెంటు టీచరు పోస్టుల పరీక్షకు) చదువుకోవాలా?

జవాబు: చేరండమ్మా. కాకపోతే మీ అత్తగారి మాటకన్నా మీవారి "నీ ఇష్టం" దగ్గరే జాగ్రత్త పడాలి. ఇంటిపని ఏదీ తగ్గకుండా ఉద్యోగం కూడా చేసుకోమనే చాలా ఇళ్లలో దానికి అర్థం. చేరిన కొన్ని నెలలకే కోడళ్లు మానేసేది ఇక్కడే. పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా జరిగే పనులన్నీ కాగితం మీద పెట్టండి: నీళ్లు పట్టడం, టిఫిను, క్యారియర్లు, బాబును తయారుచేసి ఆటో ఎక్కించడం, పాప స్నానం. ఒక్కోదాని ఎదురుగా ఎవరు చేస్తారో పేరు రాయండి. "అప్పుడప్పుడు సాయం చేస్తాలే" అంటే ఒప్పుకోవద్దు. బాబు పని మొత్తం ఆయనదే కావాలి. పిల్లలకు జ్వరమొస్తే సెలవు ఒకసారి మీరు, ఒకసారి ఆయన.

అత్తగారి మాటలో న్యాయం ఉంది. రెండున్నరేళ్ల బిడ్డ వెనక సాయంత్రం దాకా పరిగెత్తడం ఆ వయసులో కష్టం. ఎంతసేపు చూడగలరో ఆమెనే అడగండి. మూడేళ్లు నిండితే పాపను అంగన్‌వాడీకి పంపొచ్చు. ఈ ఆరు నెలలూ ఒక పూటకు మనిషిని పెట్టుకోండి. ఆ మనిషికిచ్చే జీతాన్ని మీ పన్నెండు వేలలోంచి తీసేసి "ఏం మిగిలింది?" అనే లెక్క తప్పు. బిడ్డ ఇద్దరిదీ, ఖర్చు ఇంటి మొత్తం ఆదాయంలోంచి పోవాలి. దారి ఖర్చంటారా, పల్లెవెలుగులోనో ఎక్స్‌ప్రెస్‌లోనో ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం.

మన సీమలో చదువుకోని ఆడవాళ్లు శనక్కాయ చేలల్లో కలుపు తీయను పోతే ఎవరూ అడ్డు చెప్పరు. కాస్త చదివిన కోడలికి కూలి నామోషీ, చదువుకు తగ్గ కొలువు దగ్గర్లో దొరకదు. గవర్నమెంటు ఉద్యోగమొస్తే తప్ప గడప దాటక్కర్లేదని ఇంట్లోవాళ్లంటారు. అలా ఏళ్లు గడిస్తే మళ్లీ చేరడం మరీ కష్టం. నేను చేరమనేది అందుకే.

చేరేముందు స్కూలువాళ్లను నాలుగు మాటలు అడగండి. మే నెల జీతం ఇస్తారా? ఎండాకాలంలో అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిప్పుతారా? జీతం బ్యాంకులో వేస్తారా? పీఎఫ్ ఉందా? ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఇవ్వొద్దు, జిరాక్స్ చాలు. మధ్యలో మానేస్తే వాటిని తిరిగి తెచ్చుకోలేక ఏడ్చేవాళ్లు చాలామంది.

డీఎస్సీ ఆశ వదలొద్దు. 2023లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత బీఈడీతో ఎస్జీటీకి (ప్రైమరీ స్కూలు టీచరు పోస్టుకు) అర్హత లేదు, దానికి డీఎడ్ ఉండాలి. మీకున్నది హైస్కూలు స్థాయి పోస్టు, స్కూల్ అసిస్టెంట్ బయాలజీ. టెట్ (టీచరు అర్హత పరీక్ష) రాయకపోయుంటే ముందు పేపర్ 2ఏ రాయండి. 150 మార్కుల్లో లెక్కలు, సైన్సు కలిపి 60. బీజెడ్‌సీవాళ్లు తడబడేది లెక్కల్లోనే, కాబట్టి రోజూ గంట దానికే పెట్టండి. టెట్ అర్హత జీవితకాలం చెల్లుతుంది, మధ్యలో ఇంటి పనులవల్ల డీఎస్సీ తప్పినా ఆ కష్టం వృథా పోదు. ఎంపికలో ఆ మార్కులకు 20 శాతం వెయిటేజీ కూడా ఉంది.

ఇంకొక మాట, ఇప్పుడే ఇంట్లో తేల్చుకోవాల్సింది. డీఎస్సీలో ఏ జిల్లా పోస్టులు ఎక్కువగా ఆ జిల్లా లోకల్‌వాళ్లకే. పెళ్లితో లోకల్ జిల్లా మారదు, ఎక్కడ చదివారన్నదే చూస్తారు. స్కూలు చదువు కర్నూలులోనే అయితే మీరు అక్కడే లోకల్. అనంతపురంలో మీకు అందేది నాన్-లోకల్‌కూ అవకాశముండే కొద్ది పోస్టులే. కర్నూలుకు పెట్టి ఉద్యోగమొస్తే పోస్టింగ్ ఆదోని వైపో ఆత్మకూరు వైపో పడొచ్చు. అప్పుడు పిల్లలు ఎవరి దగ్గర, కాపురం ఎక్కడ? దరఖాస్తు పెట్టకముందే మీవారితో కూర్చుని మాట్లాడండి. అప్పుడు కూడా "నీ ఇష్టం" అంటే ఊరుకోవద్దు.