రేవు దాటితేనే ఇన్సులిన్ అందాలా?

ప్రశ్న: మాది గోదావరి పాయల మధ్య లంక గ్రామం. తొమ్మిదేళ్ల మా అమ్మాయికి ఆరు నెలల క్రితం టైప్-1 మధుమేహం బయటపడింది. మా ఆయన కొబ్బరి దింపు కార్మికుడు. ఇన్సులిన్ కోసం నెలనెలా రేవు దాటి, బస్సెక్కి పెద్దాసుపత్రికి వెళ్లాలి. వరదొస్తే అదీ కుదరదు. ఇంట్లో ఫ్రిజ్ లేదు. బడిలో సూది వేయడానికి వీల్లేదంటున్నారు. ఆకు పసరుతో నయమవుతుందని మా అత్తగారు అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, కోనసీమ

జవాబు: అమ్మా, ముందుగా మీ అత్తగారి మాటకే జవాబు చెబుతాను. పెద్దవాళ్లలో సాధారణంగా చూసే షుగరు వేరు, మీ పాపకు వచ్చింది వేరు. శరీరంలోని రక్షణ వ్యవస్థే పొరపాటున క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేయడం వల్ల ఈ జబ్బు వస్తుంది; తీపి పెట్టడం వల్ల కాదు, ఇందులో మీ తప్పేమీ లేదు. 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ల బాలుడికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చేనాటి వరకు ఈ జబ్బు సోకిన పిల్లలు ఎక్కువ కాలం బతికేవారు కాదు. పసరును నమ్మి సూది ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలై ప్రాణం మీదికి వస్తుంది. అత్తగారిని ఒకసారి ఆసుపత్రికి వెంట తీసుకెళ్లి డాక్టరు చేతే చెప్పించండి.

ఇన్సులిన్ సీసా ఉచితంగా చేతికిచ్చి పంపితే సగం వైద్యమే చేసినట్టని నా అభిప్రాయం. సిరంజీలు, రక్తపరీక్ష స్ట్రిప్పులు, దాచుకునే చలువ, దారి ఖర్చు, పోయిన రోజు కూలి, ఇవన్నీ కుటుంబం మీదే పడుతున్నప్పుడు పట్నంలోని పిల్లకూ లంకలోని పిల్లకూ ఒకే వైద్యం అందుతోందని అనలేం. నెలనెలా పిల్లను ఇన్సులిన్ దగ్గరికి తిప్పడం మాని, ఇన్సులిన్‌నే మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి. ఆ ఏర్పాటు చేయమని మీ ఊరి ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ద్వారా వైద్యాధికారికి రాతపూర్వకంగా అడగండి. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరదల కాలం కనుక, జూన్‌లోనే రెండు నెలలకు సరిపడా ఇవ్వమని డాక్టరును కోరండి.

తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ ఉన్న పొరుగింట్లో ఉంచుకోండి, గడ్డకట్టే అరలో మాత్రం పెట్టకండి. వాడుతున్న సీసా 30 డిగ్రీలు దాటకుండా ఉంటే సుమారు నాలుగు వారాలు పనిచేస్తుంది. దానికి రెండు కుండల పద్ధతి ఉంది. పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్య సందులో తడి ఇసుక నింపి, నీరు చొరని డబ్బాలో సీసాను ఉంచి లోపలి కుండలో దించి, పైన తడిగుడ్డ కప్పాలి. మన వైపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి కుండ చలువ ఆశించినంత రాదు. గాలి ఆడే నీడపట్టునే ఉంచి, ఇసుక ఆరకుండా చూసుకోండి.

సిరంజి మూత రంగు తప్పక చూడండి. సీసా మీద 40 యూనిట్లని ఉంటే ఎర్ర మూత సిరంజి, 100 అని ఉంటే నారింజ రంగు మూతది వాడాలి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు ఎక్కువ ఎక్కి పాప స్పృహ తప్పవచ్చు.

ఇక బడి విషయం. ఇలాంటి పిల్లలు తరగతిలో షుగరు చూసుకోవడానికి, సూది వేసుకోవడానికి, మధ్యలో ఏదైనా తినడానికి అనుమతించాలని జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2023లో రాష్ట్రాలకు రాసింది. ఈ మాట చెప్పి, డాక్టరు చీటీ జతచేసి ప్రధానోపాధ్యాయులకు అర్జీ ఇవ్వండి. పాపకు చెమటలు పట్టి, చేతులు వణికి, షుగరు 70 కన్నా తగ్గితే వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ పరీక్షించాలని క్లాసు టీచరుకు దగ్గరుండి చూపించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కు ఫోన్ చేయమనండి. పంచదార పొట్లం ఒకటి పాప సంచిలో, ఇంకొకటి టీచరుగారి బల్ల సొరుగులో ఉండాలి.