రోబోకి పొడుగు చెయ్యి అవసరమా?

ప్రశ్న: సార్, మాది హనుమకొండ, ఇంటర్ ఫస్టియర్. నలుగురం కలిసి ఫస్ట్ టెక్ ఛాలెంజ్ (విద్యార్థుల అంతర్జాతీయ రోబో పోటీ) తరహా పోటీకి తయారవుతున్నాం. నేల మీది దిమ్మెలు ఏరి బుట్టలో వేయాలి. కింది బుట్టకు 4 పాయింట్లు, పైబుట్టకు 8. పైబుట్ట కోసం 40 సెంటీమీటర్ల చెయ్యి పెడితే దాన్ని ఎత్తే సర్వో మోటారు (చెప్పిన కోణానికి తిరిగి ఆగే మోటారు) వేడెక్కి వణుకుతోంది. ఇంకా పెద్ద సర్వో కొనమంటారా? మూడు వారాలే ఉంది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆగండి, కొనే ముందు లెక్క చూడండి. చేతి చివర దిమ్మెను పట్టుకునే పంజా, దిమ్మె కలిపి అరకిలో అనుకున్నా 40 సెంటీమీటర్ల దూరంలో సర్వో మీద 20 కేజీ-సెంటీమీటర్ల (బరువును దూరంతో గుణిస్తే వచ్చేది) భారం పడుతుంది, చెయ్యి సొంత బరువు వేరే. బజార్లో దొరికే ఎంజీ996ఆర్ లాంటి సర్వో బలం అదే లెక్కలో 10 చుట్టుపక్కలే, పాపం అది వణక్క ఏం చేస్తుంది? చేతిని సగానికి కురచ చేసి, పంజా బరువు తగ్గిస్తే అదే సర్వోతో పని నడుస్తుంది.

అప్పుడు పైబుట్ట అందదంటారు. అందకపోతే పోనీయండి. డ్రైవర్ నడిపే రెండు నిమిషాల ఆటలో పైకి ఒక్కోసారికి 20 సెకన్లు పడితే ఆరుసార్లు వేస్తారు, సగం జారితే వచ్చేది 24. కిందికి 10 సెకన్లే పడితే పన్నెండుసార్లు, రెండు పోయినా 40. ఇవి నేను అనుకున్న అంకెలు, మీవి స్టాప్‌వాచ్ పట్టుకుని ఇరవైసార్లు వేసి చూసి రాసుకోండి.

మొదటి 30 సెకన్లు రోబో తనంతట తను నడవాలి కదా, అక్కడ చాలామంది 'రెండు సెకన్లు ముందుకు' అని టైం లెక్కన ప్రోగ్రాం రాస్తారు. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఒక దూరం పోతుంది, సగం అయ్యాక ఇంకో దూరం. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో ఎన్‌కోడర్ అనే సెన్సర్‌తో లెక్కపెట్టించండి, వీలైతే గోడకు ఆనించి రోబోను సరిచేసుకోండి.

ఇంకోటి, ప్రాక్టీసు ఇంట్లో షాబాద్ బండల మీద చేస్తున్నారేమో. పోటీలో ఉండేది ఫోమ్ మ్యాట్, చక్రాల పట్టు పూర్తిగా మారిపోతుంది, కాబట్టి పిల్లలు ఆడుకునే ఫోమ్ పలకలు నాలుగైనా తెచ్చి పరవండి. డ్రైవర్ ఎవరో ఈ వారమే తేల్చుకోండి, రోబో చేసినవాళ్లే నడపాలని రూలేం లేదు, చెయ్యి నిలకడగా ఉన్నవాళ్లకి ఇవ్వండి.