ఖాళీగా వదిలిన వలయాలు

ప్రశ్న: పదహారో శతాబ్దపు ఐరోపా పుస్తకాల పునర్ముద్రణల్లో రోమన్ చక్రవర్తుల ముఖాలు నాణేల ఆకారంలో వరుసగా కనిపిస్తున్నాయి. అవన్నీ నిజమైన నాణేలను చూసి వేసినవేనా? కొన్ని వలయాల్లో బొమ్మ లేకుండా పేరు మాత్రమే ఉండడం అచ్చు తప్పా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: అచ్చు తప్పు కాదు. నిజానికి ఆ పుస్తకాల్లో నాకు ఎక్కువ నమ్మకం కలిగించేవి ఆ ఖాళీ వలయాలే. ఈ కోవలో మొదటిదిగా చెప్పుకునే ఆంద్రియా ఫుల్వియో పుస్తకం ‘ఇలుస్త్రియుం ఇమాజినేస్’ 1517లో రోములో అచ్చయింది. బొమ్మను అచ్చువేసే చెక్క దిమ్మెలో ముఖం వెనుక భాగాన్ని తొలచకుండా ఉంచడం వల్ల అది సిరా అంటి నల్లగా పడి, అందులోంచి ముఖం తెల్లగా తేలి కనిపిస్తుంది; చుట్టూ నాణెం మీద ఉన్నట్టే లాటిన్ అక్షరాలు, దిగువన ఆ వ్యక్తి గురించి నాలుగు మాటలు ఉంటాయి. సీజర్ యౌవనంలో వదిలేసిన కొస్సూతియా పుటలో ఆ నాలుగు మాటలూ ఉన్నాయి గాని వలయంలో ముఖం లేదు. అయితే ఫుల్వియో అంతటా ఇంత నిక్కచ్చిగా లేడు. నాణెం దొరకని మరికొందరికి ఊహతోనే ముఖాలు వచ్చి చేరాయి. 1553లో లియోన్‌లో గియోమ్ రూయే వెలువరించిన సంకలనమైతే ఏకంగా ఆదాము హవ్వలతోనే మొదలవుతుంది! దానికి భిన్నంగా హ్యూబర్ట్ గోల్ట్‌జియస్ 1557లో ఆంట్‌వెర్ప్‌లో తెచ్చిన చక్రవర్తుల పుస్తకంలో, గీతలకు లోహపు పలకనూ ఛాయలకు చెక్క అచ్చులనూ వాడి ఎంతో ఖర్చుతో బొమ్మలు వేయించినా, నమ్మదగిన నాణెం చిక్కని చోట వలయాన్ని ఖాళీగానే ఉంచాడు.

బొమ్మ ఉన్న చోట ముఖం ఎటు తిరిగి ఉందో కూడా చూడండి. నాణెం మీద ఉన్నది ఉన్నట్టు దిమ్మె మీద చెక్కితే కాగితం మీద అది అద్దంలోలా తిరగబడుతుంది. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో ఉన్న టిబీరియస్ చక్రవర్తి కుడివైపు చూస్తుంటాడు. పుస్తకంలో అదే ముఖం ఎడమకు తిరిగి ఉంటే చెక్కినవాడు అద్దం సంగతి పట్టించుకోలేదని అనుకోవచ్చు. టిబీరియస్ ఎడమకు చూసే రాగి నాణేలూ ఉన్నాయి కనుక ఈ ఒక్క గుర్తుతో తేల్చెయ్యకూడదు.

ఇక నాణెమే నకిలీదైతే ఈ గుర్తులేవీ పనికిరావు. పాదువాకు చెందిన కవీనో వంటి పనివాళ్లు పాత నాణేలను తలదన్నేలా కొత్తవి తయారుచేస్తున్న సంగతిని నాణేల పండితుడు ఎనేయా వీకో 1555లోనే వెనిస్‌లో అచ్చయిన తన గ్రంథంలో పేర్లతో సహా రాశాడు.