స్టార్టర్ బాగుచేస్తానని కూర్చున్నావట

బుజ్జీ,

రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. షెడ్డులో పడున్న పాత పడవ మోటారుని బయటికి ఈడ్చావట, స్టార్టర్, అదే తాడు లాగి ఇంజను తిప్పే భాగం, నేనే బాగుచేస్తానని పానాలు ముందేసుకుని కూర్చున్నావట. "అన్నయ్యా, అచ్చం నీ పిచ్చే దీనికి" అని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. ఫోన్ పెట్టేశాక మాత్రం తెల్లారేదాకా కన్ను మూతపడలేదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం ధైర్యం తెచ్చుకోవాలి, అందుకని ముందు పని సంగతి రాస్తాను.

ప్లగ్గు వైర్లు పీకి పక్కకి కట్టెయ్. కళ్ళకి అద్దాలు పెట్టుకో, చదువుకునేవి కాదు, పక్కలు కూడా మూసుకుని ఉండేవి. జడ ముడి వేసుకో. విప్పే ప్రతి ముక్కకీ ఫోన్లో ఫోటో తీసుకో, ముఖ్యంగా తాడు చక్రానికి ఏ వైపు నుంచి చుట్టుకుందో. మా రోజుల్లో సిగరెట్ పెట్టె అట్ట మీద బొమ్మ గీసుకునేవాళ్ళం, సగం సార్లు ఆ బొమ్మ తలకిందులుగా చూసేవాళ్ళం.

విప్పడానికి ముందు అసలు జబ్బేమిటో తేల్చుకో తల్లీ, నీకు తొందరెక్కువ. తాడు బయటికొచ్చి మళ్ళీ లోపలికి పోవడం లేదా? అయితే స్ప్రింగు విరిగింది, లేదా దాని కొస పట్టు తప్పింది. తాడు హాయిగా వస్తోంది కానీ ఇంజను తిరగడం లేదా? అప్పుడు ఫ్లైవీల్‌ని, అంటే ఇంజను పైన తిరిగే బరువైన చక్రాన్ని, పట్టుకునే కొక్కేలు బయటికి రావడం లేదు, పాత గ్రీజు బంకలా గట్టిపడి ఉంటుంది, కిరోసిన్‌తో కడిగితే చాలాసార్లు అదే సరిపోతుంది. తాడు అసలు కదలకపోతే మాత్రం స్టార్టర్‌ని తిట్టకు. ప్లగ్గులు తీసేసి ఫ్లైవీల్‌ని చేత్తో మెల్లగా తిప్పి చూడు, గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పు, రెండో వైపు తిప్పితే కింద నీళ్ళ పంపులో రబ్బరు రెక్కలు మడతపడతాయి. అలా కూడా తిరక్కపోతే ఇన్నేళ్ళు మూలన పడున్నందుకు పిస్టన్ తుప్పుపట్టి బిగుసుకుందన్నమాట, అది వేరే కథ, అప్పుడు నాకు ఫోన్ చెయ్యి.

పైన మూడు బోల్టులు విప్పితే స్టార్టర్ మొత్తం బోర్లించిన గిన్నెలా చేతికొస్తుంది. అందులో స్ప్రింగు ఉందే, దాన్ని తక్కువ అంచనా వెయ్యకు. గడియారంలో స్ప్రింగు లాంటిదే, కాకపోతే సాగదీస్తే మనిషికంటే పొడవు, అంచులు బ్లేడులా ఉంటాయి. తాడు తెగకుండా ఉంటే ముందు ఒక జానెడు లాగి వదులు ముడి వేసి పెట్టి, పిడి తీసేసి, చక్రాన్ని బొటనవేలితో అదిమిపట్టుకుని ఆ ముడి విప్పి, ఒక్కో చుట్టే వదులు. తాడు తెగిపోయి ఉంటే బిగువు ఈపాటికే పోయి ఉంటుంది, అయినా స్ప్రింగు గూట్లో ముడుచుకునే కూర్చుంటుంది సుమా. నడిమి బోల్టు తీశాక చక్రాన్ని వెంటనే పైకి లాగెయ్యకు. కొంచెం ఎత్తి, కింద స్ప్రింగు కూడా లేస్తోందేమో చూసి, లేస్తుంటే స్క్రూడ్రైవర్‌తో కిందికి నొక్కు. స్ప్రింగుని బయటికి తియ్యాలంటే గిన్నెని నేల మీద బోర్లా పెట్టి పైనుంచి తట్టు, లోపలే విచ్చుకుని కిందపడుతుంది, ఎవరి మొహం మీదికీ రాదు. ఇది నాకు ఒక పాత మెకానిక్ నేర్పాడు. ఆయన కుడి కనుబొమ్మ సగమే ఉండేది, కారణం నేను అడగలేదు.

తాడు నైలాన్‌దే కొను, అల్లికది, పాతదెంత లావుందో అంతే. లావెక్కువైతే చక్రంలో చుట్టుకోవడానికి చోటు చాలదు. పాత ముక్కలు రెండూ కలిపి కొలువు, అదే పొడవు. కొసలు అగ్గిపుల్లతో కరిగించు, ఎనిమిది ఆకారం ముడి వెయ్యి. పిడి మాత్రం మార్చకు బుజ్జీ. నీకు పళ్ళొచ్చేటప్పుడు మీ నాన్న ఒళ్ళో కూర్చుని దాన్నే కొరికేదానివి, గాట్లు ఇంకా ఉంటాయి చూడు.

స్ప్రింగుకి పల్చగా గ్రీజు రాయి, కొక్కేలకి ఇంకా పల్చగా. చక్రాన్ని బిగించాక మాన్యువల్లో చెప్పినన్ని చుట్లు తిప్పి బిగువు పెట్టి, అప్పుడు తాడు దూర్చు. తర్వాత ఒక పరీక్ష: తాడు పూర్తిగా బయటికి లాగి పట్టుకుని, చక్రాన్ని చేత్తో ఇంకొంచెం తిప్పి చూడు. తిరగాలి. తిరక్కపోతే బిగువు ఎక్కువైంది, ప్రతి లాగుకీ ఆ దెబ్బ స్ప్రింగు కొసకి తగిలి నెల తిరిగేసరికి విరుగుతుంది, ఒక చుట్టు తగ్గించు.

ఇంతవరకూ రాసింది ఎవరైనా చెప్పగలరు. ఇప్పుడు నేను మాత్రమే చెప్పగలిగింది చెప్తాను.

స్టార్టర్ గిన్నె పక్కన చిన్న మీట ఒకటి కనిపిస్తుంది నీకు. దాని చివర రంధ్రం ఖాళీగా ఉంటుంది. అక్కడ ఏదో కేబుల్ ఉండేదని, పాతబడి ఊడిపోయి ఉంటుందని అనుకుంటావు. ఊడిపోలేదు. నేనే కత్తిరించాను.

ఆ కేబుల్ గేరు దగ్గర్నుంచి వస్తుంది. గేరు ముందుకో వెనక్కో పడి ఉంటే ఆ మీట చక్రాన్ని పట్టేస్తుంది, తాడు రాదు. న్యూట్రల్లో ఉంటేనే వదులుతుంది. మాకు ఆ ఏడు దాని సర్దుబాటు తప్పి, న్యూట్రల్లో ఉన్నా తాడు రాకుండా విసిగించేది. సరిచెయ్యడం 10 నిమిషాల పని, ఒక నట్టు అటూ ఇటూ తిప్పి చూసుకోవాలి, అంతే. నాకప్పుడు 24 ఏళ్ళు, మీ నాన్నకి 19. నాకు తెలియని మోటారు లేదనుకునే వయసు. కటింగ్ ప్లేయర్ తీసుకుని టక్కున కోసేసి, "ఇది పిరికివాళ్ళకి పెట్టింది లేరా" అన్నాను. మీ నాన్న నన్ను దేవుణ్ణి చూసినట్టు చూశాడు.

కొన్ని నెలలు ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే నా కొంప ముంచింది. ఒక సాయంత్రం ఒడ్డుకొస్తూ బటన్ నొక్కి ఇంజను ఆపేసి దిగిపోయాను, గేరు ముందుకే ఉండిపోయింది. మర్నాడు పొద్దున నేను పడవ ముందు భాగంలో కట్టుతాడు చుట్టుకుంటూ కూర్చున్నా. "అన్నయ్యా, ఇవాళ నేను లాగుతా" అని వాడు వెనకాల మోటారు దగ్గర నిలబడ్డాడు. నిలబడి లాగకూడదని కూడా చెప్పలేదు నేను. థ్రాటిల్ స్టార్టు గుర్తు దగ్గరుంది. అంతకుముందు వారమే కార్బురేటర్ అంతా కడిగి పెట్టాను కదా, ఎప్పుడూ ఆరేడు లాగుళ్ళకి గానీ పలకని ఇంజను ఆ రోజు మొదటి లాగుకే అందుకుంది.

పడవ ఎగిరినట్టు ముందుకి దూకింది. వాడు మోటారు పక్కనుంచే వెనక్కి నీళ్ళలో పడ్డాడు. నేను వెల్లకిలా పడ్డాను. పట్టుకునేవాళ్ళు లేని మోటారు ఊరుకోదు బుజ్జీ, ఒక పక్కకి తిరిగిపోతుంది, పడవ గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. ఏ చోట మనిషి పడ్డాడో మళ్ళీ ఆ చోటికే వస్తుంది. నేను మోకాళ్ళ మీద పాకుతూ వెనక్కి వెళ్ళాను. ఆపే బటన్ నా ఎదురుగానే ఉంది, రోజూ నొక్కే బటనే. గుర్తు రాలేదు. పెట్రోలు ట్యూబు పీకేశాను. ట్యూబు పీకినా కార్బురేటర్లో ఉన్న పెట్రోలు అయిపోయేదాకా ఇంజను నడుస్తుందని ఊళ్ళో వాళ్ళందరికీ పాఠం చెప్పేవాణ్ణి, చెప్పినవాణ్ణే నేను ఆ ట్యూబు చేత్తో పట్టుకుని చూస్తూ ఉండిపోయాను. పడవ రెండోసారి చుట్టు తిరిగి వాడి వైపు వెళ్తుంటే వాడు మునిగాడు. అప్పుడు బటన్ కనిపించింది.

లేచాడు. పిక్క మీద నిలువునా గాటు, ఫ్యాను రెక్క తగిలింది. ఎముకకి తగల్లేదు. పైకి లాగుతుంటే పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి, అయినా వాడన్న మొదటి మాట, "మొదటి లాగుకే స్టార్ట్ అయింది చూశావా అన్నయ్యా".

నీ చిన్నప్పుడు ఆ మచ్చేమిటని అడిగితే పడవ మేకు గీసుకుందని చెప్పాం. ఇంట్లో అందరికీ అదే చెప్పాం. ఇంకో సిగ్గుమాలిన సంగతి, ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ఆ మోటారుని అలాగే నడిపాం. పడవెక్కిన ప్రతిసారీ గేరు చేత్తో ముట్టుకుని చూసుకునేవాణ్ణి, నీ పిడి కొరుకుడు రోజుల్లో అయితే రెండేసి సార్లు చూసేవాణ్ణి, కానీ కేబుల్ మాత్రం పెట్టించలేదు. పెట్టిస్తే తప్పు నాదని ఒప్పుకున్నట్టే కదా.

కాబట్టి కొత్త తాడు కంటే ముందు కేబుల్ కొను. ఆ మోడల్‌ది దొరక్కపోతే దొరికేదాకా ఆగు, మోటారు ఎక్కడికీ పోదు. మణికట్టుకి తగిలించుకునే తాడున్న కిల్ స్విచ్ విడిగా అమ్ముతారు, అదీ పెట్టించు. మనిషి పడితే ఇంజను తనంతట తనే ఆగిపోతుంది. ఆ రోజు అదొక్కటి ఉన్నా చాలు.

ఇంకొకటి. స్టార్టర్ తీసేసి, ఫ్లైవీల్ అంచున ఉన్న గాడిలో ముడి తగిలించి, విడి తాడు చుట్టి లాగి కూడా స్టార్ట్ చెయ్యొచ్చు. ఇది నీకు ఎవరో ఒకరు చూపిస్తారు, చూడ్డానికి గొప్పగా ఉంటుంది కూడా. కానీ స్టార్టర్‌తో పాటు ఆ లాకూ పక్కకి పోతుంది, గేరులో ఉన్నా ఇంజను అందుకుంటుంది, పైగా ఫ్లైవీల్ నీ మొహం ముందు మూత లేకుండా తిరుగుతుంటుంది. నీళ్ళ మధ్యలో చిక్కుకుంటే తప్ప ఆ జోలికి పోకు. సరదాకి చేశావని తెలిస్తే బస్సెక్కి వచ్చి మరీ చెవి మెలిపెడతాను, పాతికేళ్ళదానివని చూడను.

అంతా బిగించాక, ప్లగ్గు వైర్లు ఇంకా పెట్టకుండానే, గేరు ముందుకి వేసి తాడు లాగు. కదలకూడదు. వెనక్కి వేసి లాగు. కదలకూడదు. న్యూట్రల్లో పెట్టి లాగు, గట్టిగా తగిలేదాకా మెల్లగా, అక్కణ్ణుంచి ఒక్క ఊపు, కొసదాకా వద్దు, పిడిని చేత్తోనే లోపలికి పంపు. ఈ మూడూ వీడియో తీసి నాకు పంపు. నేను చూశానని చెప్పాకే ప్లగ్గు వైర్లు పెట్టు.

ఈ ఉత్తరం మీ నాన్నకి చూపించినా ఫర్వాలేదు. మేకే గీసుకుందని వాదిస్తాడు, నమ్మకు.

మీ పెదనాన్న