పెన్‌డ్రైవ్‌కి తాటిముంజ తొడుగు

ప్రశ్న: మాస్టారూ, మా తాతయ్య తాటిచెట్లెక్కి ముంజలు దింపేవారు. ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ఇంటిపట్టునే ఉంటున్నారు. ఆయనకిష్టమైన పాత పాటలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, రేడియోకి పెట్టుకోమని ఇద్దామనుకుంటున్నాను. దానికి ముంజ ఆకారంలో ఎపాక్సీ రెజిన్ (పోశాక గట్టిపడే పారదర్శక ద్రవం) తొడుగు చేయాలని కోరిక. అసలు ముంజకే అచ్చు తీసి, పెన్‌డ్రైవ్ అందులో ముంచి రెజిన్ పోసేస్తే సరిపోతుందా?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: అమ్మాయీ, ముంజను ఎంచుకోవడం నాకెంతో నచ్చింది. లేత ముంజలో కనిపించే ఆ పాలనీళ్ల మెరుపు ఎపాక్సీకి బాగా కుదురుతుంది. కాకపోతే అసలు ముంజకు అచ్చు తీయొద్దు. నేను తీసి చూశాను. అచ్చు కోసం పోసే సిలికాన్ రబ్బరు బరువుకి ముంజ నొక్కుకుపోయింది, చెమ్మ వల్ల అచ్చంతా గుంటలు పడింది.

ముప్పై ఏళ్లు పళ్ల సెట్లు చేసినవాణ్ని కాబట్టి నా చేయి మైనం మీదికే పోతుంది. డెంటల్ సామాన్ల షాపులో గులాబీరంగు మైనం రేకులు దొరుకుతాయి. వేడిచేసి ముద్దచేసి, ఎదురుగా ముంజ పెట్టుకుని చెక్కు. చివర్లో స్పిరిట్ దీపం మంట మీదుగా ఒక్కసారి చప్పున తిప్పితే నున్నగా మెరుస్తుంది. ఇక్కడ తొందరపడకు. మైనం మీద గోటిగీత ఉంటే రెజిన్ మీదా ఉంటుంది.

ఆ మైనపు ముంజను పక్కకు నిలబెట్టి, పెన్‌డ్రైవ్ ప్లగ్గు బయటికి వచ్చే అంచుని అట్టకు అతికించు. చుట్టూ గోడ కట్టి సిలికాన్ సన్నధారగా ఒక మూల నుంచి పొయ్యి. ప్లాటినం రకం సిలికానైతే లేటెక్స్ గ్లోవ్స్ వేసుకోకు. వాటిలోని గంధకం తగిలితే అది గట్టిపడదు. మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకు మొదట చెప్పే మాట ఇదే. నైట్రైల్ గ్లోవ్స్ వాడు. సిలికాన్ గట్టిపడ్డాక ఒక పక్కన బ్లేడుతో వంకరటింకరగా కోసి మైనం తియ్యి. వంకరగా కోస్తేనే రెండంచులూ మళ్లీ సరిగ్గా కూర్చుంటాయి. రబ్బరుబ్యాండ్లతో బిగిస్తే అచ్చు సిద్ధం.

పెన్‌డ్రైవ్‌ను మాత్రం రెజిన్‌లో ముంచకు. ప్లగ్గు రేకు సందుల్లోంచి రెజిన్ లోపలికి పాకితే అది ఇక పనిచేయదు. పై ప్లాస్టిక్ తీసేసి, లోపలి బోర్డు కొలతకు కాస్త వదులుగా సిలికాన్‌తోనే ఒక ముక్క చేసుకో. దాన్ని ఐస్‌క్రీం పుల్లకు కట్టి అచ్చులోకి వేలాడదీసి రెజిన్ పొయ్యి. ఎపాక్సీ సిలికాన్‌కు అంటదు కాబట్టి తర్వాత లాగితే వచ్చేస్తుంది, బోర్డు పట్టేంత గూడు మిగులుతుంది.

రెజిన్‌లో దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కలపాలి. ఆ పాళ్లు సీసా మీద 2:1 అని ఉంటే అది మిల్లీలీటర్లకా, గ్రాములకా అని తప్పక చూడు. రెండూ ఒకటి కావు. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ పోస్తే ముంజ జిగురుగానే మిగిలిపోతుంది. ముంజ రంగు రావడానికి కలిపే తెల్లరంగు టూత్‌పిక్ మొనకు అంటినంత చాలు, ఎక్కువైతే సబ్బుబిళ్లలా కనిపిస్తుంది. మూడు నిమిషాలు నెమ్మదిగా కలుపు, గిన్నె అంచులూ అడుగూ గీకుతూ. తలుపులు తీసిపెట్టుకో, రెజిన్ ఒంటికి తగలనివ్వకు.

24 గంటలు కదపకు. మీది సముద్రపు గాలి, తేమకు పైన నూనెలాంటి పొర కట్టొచ్చు. గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగాకే 400, 800, 1000 నంబర్ల వాటర్‌పేపర్‌తో తడిపి రుద్దు. పొడిగా రుద్దితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బోర్డును గూట్లో రెండు చుక్కల సిలికాన్ సీలెంట్‌తో నిలుపు. రేపు అది పాడైతే లాగేసి కొత్తది పెట్టొచ్చు.

ఇవన్నీ మొదలుపెట్టేముందు తాతయ్య రేడియోలో యూఎస్‌బీ పెట్టేచోట చుట్టూ ఎంత ఖాళీ ఉందో స్కేలుతో కొలిచి రా. బటన్లు అడ్డమొస్తే ముంజను ఆ మేరకు పలచగా చెక్కుకోవాలి.